జంట చదువు, ఒంటి హాజరు

బడి రోజు 318

విభాగాధిపతులందరూ ఇకనుంచి దినచర్య రాయాలని మండల విద్యాధికారిణి సుభాషిణిగారు ఆదేశం పంపారు. జంట చదువు విభాగానికి అధిపతిని నేనే, గుమస్తానూ నేనే, బంట్రోతునూ నేనే. అందుకని ఆదేశాన్ని నాకు నేనే అందజేసుకుని, అందినట్టు సంతకం పెట్టి, ఈ దినచర్య మొదలుపెడుతున్నాను. పేరు తవిటినాయుడు. ఎర్రమిట్టలో బడి తెరిచిన రోజునే ఉద్యోగంలో చేరాను. ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసు, ఒక్క రోజు కూడా సెలవు పెట్టలేదు. వయసునూ సర్వీసునూ మేమింకా వదిలి వచ్చిన భూమి లెక్కలోనే చెప్పుకుంటాం. బడి ఏడాది మాత్రం ఇక్కడి లెక్కే, నాలుగు వందల రోజులు.

పొద్దున్న ఎనిమిదిన్నరకు బడి గుమ్మంలో ఊపిరి గొట్టానికి పట్టిన ఎర్రదుమ్ము తుడిచాను. తొమ్మిది కొట్టగానే పిల్లలు వరుసలో వచ్చి అందులోకి తలా ఒక ఊపిరి ఊదుతారు. ఎవరి ఊపిరి ఎవరిదో గొట్టానికి తెలుసు. ఊదినవాళ్ళు హాజరు, ఊదనివాళ్ళు గైర్హాజరు. ఎంతమంది ఊదారో చూసుకుని తరగతుల్లోకి అంత గాలి వదులుతారు. అందుకే తొమ్మిది దాటాక ఊదితే చెల్లదు. పదేళ్ళ క్రితం నలుగురు గడుగ్గాయిలు తమ ఊపిరిని టిఫిన్ సంచుల్లో పట్టి, స్నేహితుల చేతికిచ్చి పంపారు. గొట్టం మోసపోయింది కానీ నేను మోసపోలేదు. ఆ తరగతిలో నలుగురి గాలి మిగిలిపోయి, ఉన్నవాళ్ళు లెక్కల పాఠంలో కూడా హుషారుగా కనబడ్డారు. అక్కడే నాకు అనుమానం వచ్చింది.

బడిలో చదువుతూనే కాలేజీ కోర్సులు చదివే పిల్లల వ్యవహారమంతా నా విభాగానిదే. దానికి అరవై నాలుగు నియమాలున్నాయి. అన్నీ నేను రాసినవే.

ఈ రోజు ఒక దరఖాస్తు వచ్చింది. పైడితల్లి, పదిహేనేళ్ళు, పదో తరగతి. ఇప్పటికే పదకొండు కాలేజీ కోర్సులు నెగ్గిన పిల్ల. పన్నెండోది 'నీటి శుద్ధి, మూడో భాగం'. విద్యార్థి సంతకం ఉంది, తల్లి సంతకం ఉంది, కోర్సు అధ్యాపకుల సంతకమూ ఉంది. అయితే మొదటిదీ మూడోదీ ఒకేలా ఉన్నాయి. ఫోర్జరీ అనుకుని, 'రెండు సంతకాలు ఒకేలా ఉన్నవి' అని ఎర్రసిరాతో రాసి వెనక్కి పంపాను.

బడి రోజు 320

ఫారం తిరిగొచ్చింది, వెంట పైడితల్లి కూడా వచ్చింది. సన్నగా ఉంటుంది, నిలబడ్డ చోట నిలబడదు. కూర్చోమంటే కుర్చీ అంచున కూర్చుంది.

మూడో భాగం చెప్పవలసిన అచ్యుతంగారికి అవతలి మిట్టకు బదిలీ అయింది. కొత్తాయన రావాలంటే భూమి నుంచి ఓడ రావాలి, ఓడ ఏడాదికి గాని రాదు. ఇదంతా నాకూ తెలుసు. తెలియనిదల్లా పాఠం ఎవరు చెబుతున్నారన్నదే.

"మూడో భాగం సెప్పాలంటే మొదటి రెండు భాగాలూ నెగ్గినోలు కావాల మేస్టారూ," అంది పైడితల్లి. "నెగ్గినోల్లో ఈ ఊర్ల ఉన్నది నానొక్కదాన్నే. నిన్నటి సంది నానే సెప్తన్నాను."

మరి నేర్చుకునేది ఎవరని అడిగాను.

"అదీ నానే. ముందురోజు సాయంత్రం సదూకుంతాను, తెల్లారి కొలిమి పనోలతో పాటు నాకూ సెప్పీస్తాను."

చాలామంది అధ్యాపకులు చేసేది ఇదే. కాకపోతే వాళ్ళెవరూ దానికి దరఖాస్తు పెట్టరు. నియమం పందొమ్మిది ప్రకారం విద్యార్థికి బంధువైనవారు ఆ విద్యార్థికి మార్కులు వేయరాదు. ఒక మనిషి తనకు తాను బంధువా, కాదా? మధ్యాహ్నమంతా దీనిమీదే పోయింది. చివరికి సుభాషిణిగారిని అడిగితే, ప్రశ్నపత్రం అవతలి మిట్ట నుంచి వస్తుంది, దిద్దేదీ వాళ్ళే, మీరు ఫారం మీద ముద్ర వేసి భోజనానికి వెళ్ళండి అన్నారు. వేశాను. నాచు కూర చల్లారిపోయింది.

బడి రోజు 335

ముద్ర వేసి తప్పు చేశానేమో.

ఊరి కింద గనిలో మంచు తవ్వి, కరిగింపు కొలిమిలో నీరు చేస్తారని అందరికీ తెలుసు. బడి ఏడాది ముగిశాక పత్రం లేనివాళ్ళు ఆ కొలిమి దగ్గరికి పోకూడదని పట్టణ సభ తీర్మానించింది. పోయిన ఏడు ఒకడు తప్పు కవాటం తిప్పి చేతులు కాల్చుకున్నాడు, అందుకని. పత్రం కావాలంటే మూడో భాగం నెగ్గాలి. అది చదవడానికి ముందు రెండు భాగాలూ అక్కర్లేదు, చెప్పడానికే కావాలి. పైడితల్లి దగ్గర కొలిమి రాత్రి షిఫ్టు వాళ్ళు తొమ్మిది మంది చదువుతున్నారు. ఒక్కరూ నెగ్గకపోతే కొలిమి ఆర్పేస్తారు, ఓడ వచ్చేదాకా ఊరికి సగం నీళ్ళే. ఆ తొమ్మిది మందిలో మూడో వరుసలో కూర్చునే గౌరమ్మ పైడితల్లి కన్నతల్లి. ఇంతకు ముందు రెండుసార్లు తప్పింది.

వాళ్ళ షిఫ్టు ఎనిమిదిన్నరకు దిగుతుంది. పాఠం కాలేజీలో తొమ్మిదికి మొదలవుతుంది, అంతకన్నా ఆలస్యమైతే బెంచీల మీదే నిద్రపోతారట. ఆ తొమ్మిదింటికే పైడితల్లి ఇక్కడికొచ్చి గొట్టంలో ఊదాలి. పాఠం మొదలైన నాటి నుంచి ఒక్కనాడూ ఊదలేదు.

ఇప్పుడు నా నియమాలను వరుసగా చదువుతాను. ముప్పై రెండు: నాలుగు వందల రోజుల్లో మూడు వందలు హాజరు లేనివారు పదో తరగతి నెగ్గినట్టు కాదు. ముప్పై మూడు: పదో తరగతి నెగ్గనివారి కాలేజీ కోర్సులన్నీ రద్దు. ముప్పై నాలుగు: కోర్సు రద్దయిన వ్యక్తి ఆ అర్హతతో చెప్పిన పాఠాలు, ఆ పాఠాల వల్ల వచ్చిన పత్రాలు చెల్లవు. ఈ చివరిది రాసిన రోజు నాకు బాగా గుర్తు. ఇలాంటిది ఎప్పటికీ జరగదు, అయినా ఉండనీ, పుస్తకానికి నిండుగా ఉంటుంది అనుకున్నాను.

ఈ రోజుకు ఆ పిల్ల హాజరు రెండు వందల అరవై నాలుగు. అంతకు ముందు కోర్సుల వల్ల పోయిన రోజులు కూడా ఉన్నాయి. ఇంకో ఇరవై తొమ్మిది రోజులు రాకపోయినా ఫరవాలేదు. ఆ తర్వాత ఒక్క రోజు తప్పినా పిల్ల పదో తరగతి పోతుంది, తల్లి పత్రం పోతుంది, ఊరి నీళ్ళు పోతాయి.

బడి రోజు 349

నిన్న సుభాషిణిగారు సమావేశం పెట్టారు. పాఠం వేళ మార్చడానికి కొలిమి ఒప్పుకోలేదు. ఊదే వేళ మార్చడానికి గాలి శాఖ ఒప్పుకోలేదు. ఆ పిల్లకు మినహాయింపు ఇవ్వొచ్చు కదా అని కాలేజీ ప్రిన్సిపాల్ నా వంక చూశాడు. మినహాయింపు ఇవ్వడానికి నియమం లేదన్నాను. రాయొచ్చు కదా అన్నాడు. ఏడాది మధ్యలో నియమాలు మార్చరాదని నియమం ఒకటుందన్నాను. అది ఎవరు రాశారని ఎవరూ అడగలేదు, అదొక మర్యాద.

చివరికి ప్రిన్సిపాలే ఉపాయం చెప్పాడు. పాఠం జరిగే గది గుమ్మానికి 'ఎర్రమిట్ట ఉన్నత పాఠశాల' అని బోర్డు తగిలిస్తే అది బడే అవుతుంది. అందరూ చప్పట్లు కొట్టారు. ఈ రోజు పొద్దున్నే నేనే వెళ్ళి బోర్డు తగిలించాను. తొమ్మిదిన్నరకు తెలిసిందేమిటంటే, అది బడి అయితే అందులో పాఠం చెప్పేవారు పదో తరగతి నెగ్గి ఉండాలి. అంటే పైడితల్లి అక్కడ పాఠం చెప్పకూడదు. పదకొండుకల్లా బోర్డు దించాను.

ఆ రెండు గంటల్లోనే బడి వంటశాల నుంచి తొమ్మిది మందికి మధ్యాహ్న భోజనం వెళ్ళిపోయింది. కొలిమి మనుషులు తిని, రేపు కూడా ఇదే బడేనా అని అడిగారట.

బడి రోజు 357

ఇంక ఏడు రోజులే వెసులుబాటు ఉంది.

తొమ్మిదికి రెండు నిమిషాల ముందు గౌరమ్మ పిల్లల వరుసలో వచ్చి నిలబడింది. కొలిమి బట్టల్లోనే ఉంది, చెంపల మీద మసి. చేతిలో మూతి బిగించిన టిఫిన్ సంచి ఒకటి, లోపల ఏమీ లేదు, కాని ఉబ్బి ఉంది. పదేళ్ళ క్రితం అలాంటివి నాలుగు పట్టుకున్నవాణ్ణి, చూడగానే తెలిసిపోయింది. పక్కకు పిలిచాను. ఆవిడ దాచడానికి కూడా ప్రయత్నించలేదు.

"నా గుంట పైడితల్లి ఊపిరే బాబూ. ఇప్పుడే పట్టి పరుగున తెచ్చినాను," అంది. "ఇంకా యెచ్చగుంది, సూడండి."

మనిషి రావాలి గాని ఊపిరి వస్తే కుదరదని చెప్పాను.

"మనిసొచ్చీస్తే అక్కడ మాకు పాఠం సెప్పీదెవులు బాబూ? అచ్యుతం మేస్టారు సెప్పినప్పుడు రెండుపాల్లు తప్పినాను. ఒక్క ముక్క తలకెక్కలేదు. ఇది సెప్తే ఎక్కతంది. నాకు సదువు వొస్తదని ఈ వయసులో తెలిసింది. ఇప్పుడు నా వల్ల దాని సదువు పోతే, నాకెందుకు బాబూ ఆ పత్రం?"

సంచి జప్తు చేశాను. జప్తు చేసిన ఊపిరిని ఏడాది ముగిసేదాకా సాక్ష్యంగా భద్రపరచాలని నియమం నలభై ఏడు. సొరుగులో పెట్టి తాళం వేశాను. నిజంగానే వెచ్చగా ఉంది. ముప్పై ఒక్క ఏళ్ళలో ఎందరినో వెనక్కి పంపాను, ఏనాడూ ఏమీ అనిపించలేదు. ఈ రోజు ఆవిడ వెళ్ళిపోతుంటే నాకు సిగ్గేసింది.

బడి రోజు 364

ఈ రోజుతో వెసులుబాటు అయిపోయింది. హాజరు రెండు వందల అరవై నాలుగు, మిగిలిన రోజులు ముప్పై ఆరు. రేపటి నుంచి ఒక్క రోజు కూడా తప్పకూడదు.

సాయంత్రం పైడితల్లి వచ్చింది. ఈసారి కూర్చోలేదు. నా నియమావళి ప్రతి తెచ్చుకుంది, పేజీల్లో కాగితం ముక్కలు పెట్టుకుని ఉంది. ఈ మిట్ట మీద ఆ పుస్తకాన్ని మొదటి నుంచి చివరిదాకా చదివిన రెండో మనిషి ఆ పిల్లేనని నా నమ్మకం. పుస్తకాన్ని నా బల్ల మీద పెట్టి, గొంతు పెంచకుండా అడిగింది.

"నాను బడికొస్తే అక్కడ పాఠం ఆగిపోద్ది. ఆగితే మా యమ్మ తప్పిపోద్ది. అక్కడే ఉండి పాఠం సెప్తే, మీ ముప్పై నాలుగో నియమం ఆ పాఠమే సెల్లదంటాది. అప్పుడూ మా యమ్మ తప్పిపోద్ది. మరి నానేటి సెయ్యాల మేస్టారూ? ఇందులో ఎక్కడైనా రాసుంటే సూపించండి. అలగే సేస్తాను."

ముప్పై ఒక్క ఏళ్ళుగా ఎవరు ఏది అడిగినా పేజీ తిప్పి చూపించినవాణ్ణి. ఈసారీ తిప్పాను, ముప్పై రెండు నుంచి ముప్పై నాలుగుకు, మళ్ళీ ముప్పై రెండుకు. ఆ పిల్ల వెళ్ళబోతున్నట్టు పుస్తకం తీసుకుని, మళ్ళీ ఒక మాట అడిగింది.

"కొలిమి ఎప్పుడైనా సూశారేటి మీరు?"

లేదన్నాను. మా ఇంట్లో కుళాయి తిప్పితే నీళ్ళొస్తాయి. ఆ కుళాయికి అవతల ఏముందో ఇన్నేళ్ళలో నేను తెలుసుకోలేదు.

బడి రోజు 364, ఇంకా అదే రోజు

ఆ పిల్ల వెళ్ళాక పుస్తకం మొదటి నుంచి చదివాను. నేను రాసినదాన్ని చదువరిగా చదవడం ఇదే మొదటిసారి. బాగుంది. ఊపిరాడదు గాని బాగుంది.

యాభై ఎనిమిది దగ్గర ఆగాను. 'హాజరు చూచు అధికారి సెలవులో ఉన్నచో ఊపిరి గొట్టమును మూసి ఉంచి, తరగతులన్నిటికిని నిండుగా గాలి వదలవలెను. ఆ దినములలో విద్యార్థి ఎక్కడ చదువుచున్నాడో అక్కడి తరగతివారు వ్రాసి ఇచ్చిన సాక్ష్యమే హాజరుగా గ్రహింపవలెను.' అప్పటి విద్యాధికారి, నువ్వు సెలవు పెడితే ఎలాగయ్యా అని అడిగితే, ఆయన తృప్తి కోసం రాసిన నియమం. నేను సెలవు పెట్టను కదా అని నవ్వుకుంటూ రాశాను.

సుభాషిణిగారు ఇంటికి బయలుదేరుతుండగా సెలవు చీటీ పట్టుకుని వెళ్ళాను. ముప్పై ఆరు రోజులు. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివారు.

"జ్వరంతో వణుకుతూ కూడా వచ్చేవారు కదండీ. ఇప్పుడేమొచ్చింది?"

కారణం రాసే గడి ఖాళీగా ఉంది. అబద్ధం రాయడం నాకు చేతకాదు. అక్కడే నిలబడి 'చదువు నిమిత్తం' అని రాశాను. ఏం చదువు అన్నారు. నీటి శుద్ధి, మూడో భాగం అన్నాను. అధ్యాపకులెవరని ఆవిడ అడగలేదు. చీటీ మీద సంతకం పెట్టి, పెదవి బిగబట్టుకుని వెళ్ళిపోయారు. నవ్వు ఆపుకున్నారని నా అనుమానం.

సెలవులో ఉన్న ఉద్యోగి దినచర్య రాయరాదు. ఇక్కడితో ఆపుతున్నాను.

ఏడాది ముగిసిన మర్నాడు

విధుల్లో చేరాను. గొట్టానికి వేలెడు మందాన దుమ్ము పట్టింది.

సెలవులో జరిగినవి రాయకూడదు గాని, తెలిసినవి రాయొచ్చు. కొలిమి మా ఊరి సభామందిరమంత ఉంటుంది. దగ్గరికి వెళితే కనుబొమలు కాలుతున్నట్టుంటుంది. అందులోంచి నీళ్ళు మొదట పసుపురంగులో వస్తాయి. నేను తాగే నీళ్ళు పసుపురంగులో పుడతాయని నాకు ఈ వయసులో తెలిసింది.

మొదటి రోజు అలవాటు ప్రకారం బడి దారి పట్టి, నాలుగు నిమిషాలు ఆలస్యంగా వెళ్ళాను. పైడితల్లి పాఠం ఆపి, గుమ్మం బయట నిలబెట్టి, ఎందుకాలస్యమైందో అడిగి, అప్పుడు లోపలికి రానిచ్చింది. పద్ధతిగల అధ్యాపకురాలు. గౌరమ్మ పక్కన చోటు ఖాళీగా ఉంటే కూర్చున్నాను. రోజూ పాఠం అయ్యాక పైడితల్లి హాజరు కాగితం బల్లలవెంట తిరిగేది. 'ఈమె ఈ దినము ఇచ్చట ఉన్నది' అని కొలిమి వాళ్ళు తొమ్మిది మందీ సంతకాలు పెట్టేవారు. పదోది నాది.

ఈ ముప్పై ఆరు రోజులూ బడి హాజరు నూటికి నూరు. ఎర్రమిట్ట చరిత్రలో ఇంతవరకూ ఇలా జరగలేదు. నిరుడే అవతలి మిట్టకు వెళ్ళిపోయిన అక్కచెల్లెళ్ళిద్దరు కూడా ఒక్కరోజు మానకుండా ఏడో తరగతికి వచ్చినట్టు తోటివారు రాసిచ్చారు. నియమం యాభై ఎనిమిది ప్రకారం నేను నమ్మితీరాలి, నమ్మాను.

ఏడాది ముగిశాక పన్నెండో రోజు

ఫలితాలు వచ్చాయి.

పైడితల్లి హాజరు సరిగ్గా మూడు వందలు. పదో తరగతి నెగ్గింది. పన్నెండో కోర్సు కూడా నెగ్గింది. కొలిమి మనుషులు తొమ్మిది మందికీ పత్రాలు వచ్చాయి. గౌరమ్మకు నూటికి డెబ్బై ఒకటి. పొద్దున్న ఆఫీసుకొచ్చి పత్రం చూపించింది. సొరుగు తాళం తీసి సంచి తిరిగి ఇచ్చేశాను. సాక్ష్యం గడువు తీరింది కదా. ఊపిరి చాలావరకు జారిపోయి సంచి ముడతలు పడి ఉంది. ఆవిడ దాన్ని బల్ల మీద పెట్టి మడిచి, పత్రంతో పాటు రొంటిన దోపుకుంది.

క్లాసులో తప్పింది ఒక్కరే. ప్రయోగ పరీక్షలో మూడో కవాటం ముందు తిప్పొద్దని గౌరమ్మ చిలక్కి చెప్పినట్టు చెప్పింది. నేను పుస్తకంలో ఉన్న వరుస ప్రకారం తిప్పాను. ఆవిరి తన్ని ఎడమవైపు మీసం పోయింది. నూటికి ఇరవై ఎనిమిది మార్కులు. కింద అధ్యాపకురాలి అభిప్రాయం రాసే గడిలో, గుండ్రటి అక్షరాలతో, 'హాజరు చాలా బాగుంది' అని ఉంది.

ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసు గురించి ఇంత సరిగ్గా ఇంకెవరూ రాయలేరు.

మళ్ళీ చదవాలని ఉంది. ఆ మూడో కవాటం సంగతి తేలాలి. దరఖాస్తు ఫారం తీశాను. అధ్యాపకురాలి సంతకానికి పొద్దున్నే కాలేజీకి వెళితే, ఆవిడ నిలబెట్టి, ఈసారి వేళకు వస్తానని మాట తీసుకుని మరీ పెట్టింది. మిగిలినవి రెండు. విద్యార్థి సంతకం నాదే, పెట్టాను. జంట చదువు విభాగాధిపతి సంతకమూ నాదే, అదీ పెట్టాను. ఎర్రసిరా కలం చేతిలోకి తీసుకుని ఫారం దీపం కిందికి జరిపి చూశాను. రెండు సంతకాలు ఒకేలా ఉన్నాయి.

కలానికి మూత పెట్టి ముద్ర వేశాను.